మిల్లీమీటర్ పన్ను గీసిన యుగాల సరిహద్దు

భూమ్మీద జరిగిన అతిపెద్ద విపత్తు ఏదంటే చాలామంది డైనోసార్ల అంతమే అంటారు. నా ఓటు మాత్రం అంతకు చాలా ముందు, దాదాపు 25.19 కోట్ల ఏళ్ల కిందట జరిగినదానికే. అప్పుడు సముద్రంలోని జీవజాతుల్లో పదింట ఎనిమిది తుడిచిపెట్టుకుపోయాయి. పెర్మియన్ యుగం పోయి ట్రయాసిక్ వచ్చింది.

సరే, ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ గీయాలి? రాయి మీద తేదీ వేసి ఉండదు కదా! ఒకే చోటయితే కింది పొర పాతది, పై పొర కొత్తది. కానీ చైనాలోని పొర, కశ్మీర్‌లోని పొర ఒకే కాలానివని ఎలా తెలుస్తుంది? అక్కడే శిలాజాలు సాక్ష్యం చెబుతాయి.

ఒకప్పుడు ఈ గీతకు గుర్తు ఒటోసెరస్. చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న సముద్రజీవి. చేత్తో పట్టుకుని చూడొచ్చు. చిక్కేంటంటే, హిమాలయాల్లో, ఆర్కిటిక్ వైపు దొరికినట్టు మిగతాచోట్ల దొరకదు.

చివరికి ఆ ఉద్యోగం హిండియోడస్ పార్వస్‌కి దక్కింది. ఇది కోనోడాంట్ అనే జీవుల్లో ఒకటి. పాములాంటి మెత్తటి ఒళ్లు. రాయిలో మిగిలేది దాదాపుగా నోట్లోని పంటి ముక్కలే, అవీ మిల్లీమీటర్ లోపే. సున్నపురాయిని పలుచటి యాసిడ్‌లో నానబెడితే రాయి కరిగి ఇవి మిగులుతాయి. ఇక మైక్రోస్కోప్ ఉంటే చాలు. చైనా, కశ్మీర్, ఇరాన్, ఇటలీ అన్నిచోట్లా ఇది కనిపిస్తుంది.

అందుకే 2001లో శాస్త్రవేత్తలు అంతర్జాతీయంగా ఒక మాట మీదికొచ్చారు. చైనాలోని మెయ్‌షాన్ క్వారీలో ఈ జీవి మొదటిసారి కనిపించే 27సి పొర అడుగే సరిహద్దు. పోటీలో శ్రీనగర్ శివార్లలోని గురియుల్ లోయ కూడా నిలిచింది. గీతకు పైన మొదలయ్యే దశ పేరు ఇండువన్, మన సింధు నది పేరు మీద పెట్టిందే!

శిలాజం వరస చెబుతుంది గానీ ఏళ్ల లెక్క చెప్పదు. ఆ పని గీతకు పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిద పొరలది. వాటిలోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయసు కడతారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. మెయ్‌షాన్‌లో జీవులు మూకుమ్మడిగా మాయమైన చోటు ఈ గీతకు దాదాపు జానెడు కింద ఉంది. అంటే గీత గీసింది చావుల దగ్గర కాదు, కొత్త జీవి రాక దగ్గర. ఇందులో సెంటిమెంట్ ఏమీ లేదు. ఓ జీవి కనిపించలేదంటే అంతరించిందో, వలసపోయిందో, మనకే దొరకలేదో తేల్చడం కష్టం. కనిపించిందంటే మాత్రం ఉన్నట్టే.

ఈ గీత అందరికీ ఒకటే కాబట్టే చైనాలో, కశ్మీర్‌లో జీవులు ఒకేసారి చచ్చిపోయాయా అని అడగగలుగుతున్నాం. మెయ్‌షాన్ బూడిద లెక్క ప్రకారం ఆ విధ్వంసానికి పట్టిన కాలం సుమారు 60 వేల ఏళ్లు. భూమి వయసు ముందు అది రెప్పపాటే.