ప్రభుత్వ వెబ్‌సైటు నుండి బయటికి పోవు లింకులు

ధర్మపురి బస్ స్టాండులో దిగిన యాత్రికుడొకడు బస కొరకు వెదకుచున్నాడనుకొందము. ఎదుట మునిసిపాలిటీవారి బోర్డు ఉన్నది. దానిపై ‘సత్రమునకు దారి’ అని బాణపు గుర్తు వేసి ఉన్నది. సర్కారువారి బోర్డు గదా యని అతడు అటు నడచును. బోర్డు ఎవరిదో చూచినాడే గాని, సత్రము ఎవరిదో విచారింపలేదు. ఆ సత్రము నిరుడు చేతులు మారి ఉండవచ్చును. సత్రమే పోయి ఆ చోట అంగడి వెలసి ఉండవచ్చును. బాణము మాత్రము మునుపటివలెనే అటే చూపుచుండును. ఈ బోర్డును నేను కల్పించి చెప్పితిని గాని, ప్రభుత్వ వెబ్‌సైటులలో ఇట్టి బాణములు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. వానినే లింకులందుము.

లింకనగా గొట్టము గాదు, త్రాడు గాదు. అది వ్రాసిపెట్టిన ఒక చిరునామా మాత్రమే. మనము దానిని నొక్కగానే మన చేతిలోని బ్రౌజరు ఆ చిరునామాగల కంప్యూటరును వెదకి, ఆ క్షణమున అచట ఏ పుట ఉన్నదో దానిని తెచ్చి చూపును. లింకు పెట్టిననాడు అచట ఏమున్నదో బ్రౌజరుకు తెలియదు. 1965 లో ‘హైపర్‌టెక్స్టు’ అను పేరు పెట్టిన టెడ్ నెల్సన్ రెండు వైపులను కలిపి ఉంచెడు లింకులను కోరినాడు. 1989 లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించిన వెబ్‌లో లింకు ఒక వైపునకే పోవును. అవతలివాని అనుమతి అడుగనక్కరలేదు. అతనికి తెలుపనైనను అక్కరలేదు. వెబ్ అంత వేగముగా పెరుగుటకు ఈ సౌకర్యము చాల తోడ్పడినది. మన చిక్కు కూడ ఇచటనే పుట్టినది.

వెబ్‌సైటు పేరు ఎవరికిని శాశ్వతమైన ఆస్తి గాదు. ఏటేట రుసుము కట్టి నిలుపుకొనవలసిన హక్కు అది. గడువు దాటి ఊరకున్నచో ఆ పేరును మరియొకరు తీసికొనవచ్చును. 2011 లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పులో ఒక న్యాయమూర్తి ఒక వెబ్ పుటను ఆధారముగా చూపినాడు. కొంతకాలమునకు ఆ పేరు గడువు తీరగా ఎవరో దానిని కొని, లింకులు ఎంత అస్థిరములో తెలుపుచు ఒక పరిహాసపు మాట వ్రాసి ఉంచినారు. కొన్నవాడు హాస్యప్రియుడు గనుక సరిపోయినది. 2013 లో హార్వర్డు పండితులు పరిశీలింపగా, ఆ కోర్టు తీర్పులలోని లింకులలో ఇంచుమించు సగము మొదట ఉద్దేశించిన విషయమును చూపుట లేదని తేలినది. సుప్రీం కోర్టు తీర్పుల గతియే ఇట్లున్నప్పుడు, ఒక జిల్లా కార్యాలయమువారు ఎన్నడో పెట్టి మరచిన లింకు మాట చెప్పవలెనా?

అయితే చిరునామాను చూచి ఆ స్థానము ఎవరిదో తెలిసికొనలేమా? కొంతవరకు తెలిసికొనవచ్చును. దానిని కుడి నుండి ఎడమకు చదువవలెను. మన విద్యార్థులు ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టు స్థానము ‘తెలంగాణఈపాస్ డాట్ సీజీజీ డాట్ గవ్ డాట్ ఇన్’. కుడిచివర ‘ఇన్’ అనగా భారతదేశము. దాని కెడమ ‘గవ్’ అనగా ప్రభుత్వము. ‘గవ్ డాట్ ఇన్’ పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇత్తురు. తక్కిన చివరలు గల పేర్లు పెక్కింటిని రుసుము కట్టినవాడెవడైనను తీసికొనవచ్చును.

2023 లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఒక నకిలీ స్థానమును పట్టుకొనిరి. అసలుది ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ అడ్డుగీత ఏపీ అడ్డుగీత గవ్ డాట్ ఆర్గ్’. చుక్కల స్థానమున గీతలు పడినవి, అంతే. కాని కుడి నుండి చదివినచో చివర ‘ఆర్గ్’ కనబడును. గీతలతో కూడిన తక్కిన భాగమంతయు ఒకే పేరు, ఎవరైన పెట్టుకొనదగినది. అప్పటికే అట్టి నకిలీలు 40 బయటపడినవి. ఇది 41 వది. 2024 లో దేవస్థానమువారు తమ అసలు చిరునామానే మార్చుకొనిరి. మరి పాత చిరునామాను చూపుచున్న బయటి లింకులను ఎవరు దిద్దవలెను? వానిని పెట్టినవారే దిద్దవలెను గాని, వారికి గుర్తుండవలె గదా!

ఊరి పేరు సరిపోయినంత మాత్రమున చాలదని కూడ చెప్పవలెను. ‘ధర్మపురి డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్’ అన్నది తమిళనాడులోని ధర్మపురి జిల్లాది. మన ధర్మపురి వివరములు కావలెనన్న జగిత్యాల జిల్లా స్థానమును చూడవలెను; 2016 అక్టోబరు 11 వరకు ఇది కరీంనగర్ జిల్లాలోనిది.

‘గవ్ డాట్ ఇన్’ అన్న చివర పేరు ఎవరిదో చెప్పునే గాని, యంత్రము ఎవరి చేతిలో ఉన్నదో చెప్పదు. 2020 అక్టోబరులో ప్రారంభమైన ధరణి భూమి రికార్డుల స్థానము ప్రభుత్వ పేరుతోనే ఉండినను, దానిని చాలకాలము ఒక ప్రైవేటు సంస్థ నడిపినది. 2024 డిసెంబరులో ఆ పని జాతీయ సమాచార కేంద్రము చేతికి వచ్చినది. మరియు 2024 మే నెలలో వెలువడిన పత్రికా పరిశోధన ప్రకారము, తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రముల ‘గవ్ డాట్ ఇన్’ లింకులు దాదాపు నాలుగు డజనులు, నొక్కినవారిని జూదపు స్థానములకు మళ్లించుచుండినవి. ఆ బాణములు కార్యాలయమువారు వేసినవి గావు, మోసగాండ్రు దొంగచాటుగా వేసినవి. ఐనను చూచువానికి బోర్డు సర్కారుదే.

ఇంతవరకు మనము నొక్కిన లింకుల మాట చెప్పుకొంటిమి. నొక్కకుండగనే బయటికి పోవు మార్గములు కూడ గలవు. ప్రభుత్వ పుటలో పటమో, వీడియోయో, సందర్శకుల లెక్కింపు యంత్రమో అతికించియున్నచో, దానిని మన బ్రౌజరు ప్రైవేటు కంప్యూటరు నుండియే తెచ్చును. పుట తెరచిన వెంటనే మన ఇంటర్నెట్టు చిరునామా, చూచిన వేళ ఆ మూడవవానికి అందును. 2018 ఫిబ్రవరి 11 న, చదువలేనివారి కొరకు పుటను పైకి చదివి వినిపించెడు ‘బ్రౌజ్‌అలౌడ్’ అను బయటి సాధనమును దుండగులు మార్చివేసిరి. దానిని తెచ్చుకొనుచుండిన 4,000 కు పైగా వెబ్‌సైటులు ఒక్కసారిగా తమ పాఠకుల కంప్యూటరులచేత గూఢ ద్రవ్యమును తవ్వించసాగినవి. ఆ జాబితాలో బ్రిటనులో పౌరుల వివరములను కాపాడు కమిషనరు కార్యాలయమే ఉన్నది! అదే సంవత్సరము సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల మునిసిపాలిటీ స్థానములలోను ఇట్టి తవ్వకపు ప్రోగ్రామును పరిశోధకులు కనుగొనిరి. బయటి ప్రోగ్రామునకు ముందుగా ఒక గణిత ముద్ర లెక్కించి ఉంచి, వచ్చినది ఆ ముద్రతో సరిపడనిచో బ్రౌజరు దానిని త్రోసివేయునట్లు చేయవచ్చును. ఈ ఉపాయము అప్పటికే ఉన్నది, వాడువారు తక్కువ.

పాఠశాలలకు దగ్గరి విషయము పరీక్షా ఫలితములు. ఫలితముల దినమున ప్రభుత్వ స్థానములు బరువునకు తాళలేక నిలిచిపోవుటయు, ప్రైవేటు స్థానములు ఆ మార్కులనే చూపుటయు తెలుగునాట పాత అలవాటు. సహాయమే, కాదనము. కాని హాల్ టికెట్టు నంబరు చాలిన చోట ఫోను నంబరు కూడ అడిగినచో, అది దేనికని ఆగి అడుగవలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచినది. వారి వివరములు వాడుటకు తలిదండ్రుల సమ్మతి కావలెనన్నది. దాని నియమములు దశలవారీగా అమలగునట్లు 2025 నవంబరులో వెలువడినవి.

కార్యాలయములకు నియమములు లేకపోలేదు. భారత ప్రభుత్వ వెబ్‌సైటుల మార్గదర్శక సూత్రములు 2009 లో మొదట వెలువడినవి. మూడవ కూర్పు 2023 లో వచ్చినది. బయటి లింకుల విషయమున ప్రతి శాఖయు తన విధానమును ప్రకటింపవలెననియు, చదువరి ప్రభుత్వ స్థానము వదలుచున్నాడని అతనికి తెలుపవలెననియు, చెడిన లింకులను ఉంచరాదనియు వాని సారము. ఆచరణలో చాల చోట్ల కనబడునది ‘బయటి స్థానములకు మేము బాధ్యులము గాము’ అను వాక్యము. అదియు పుట అడుగున, చిన్న అక్షరములలో. నాకిది సరిపోయిన జవాబుగా తోచదు. అవతలి పుటలోని ప్రతి మాటకు కలెక్టరు బాధ్యుడు గాడు, నిజమే. కాని ఆ బాణమును అచట వేయుట ఆ కార్యాలయము చేసిన పనియే. దానిని ఎందుకు వేసిరో, కడపట ఎన్నడు సరిచూచిరో చెప్పవలసినదియు వారే. బ్యాంకు చెల్లింపులకు, పటములకు బయటివారి తోడు తప్పదు. ప్రైవేటుది అయినంతనే చెడ్డదనుటయు తగదు. అడుగవలసినది ఎవరు నడుపుచున్నారని, మన నుండి ఏమి తీసికొనుచున్నారని.

ఈ ప్రశ్నలు వ్రాతమూలకముగా అడుగుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. 30 దినములలో జవాబు రావలెను. అంతకు ముందు ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని చేయింపవచ్చును. జిల్లా వెబ్‌సైటులో బయటికి పోవు లింకులు పది ఎన్నుకొనుడు. నొక్కకుండ, దానిపై వ్రేలు అదిమి పట్టినచో లేక మౌసు బాణమును ఉంచినచో చిరునామా కనబడును. దానిని కుడి నుండి చదివి నోటుబుక్కులో నాలుగు గడులు గీయుడు: చివర ఏమున్నది, వదలిపోవుచున్నామని హెచ్చరిక వచ్చినదా, పుట తెరచుకొన్నదా, మన వివరము ఏదైన అడిగినదా. చెడిన లింకు దొరికినచో ఆ పుట పేరు, తేదీ వ్రాసి కార్యాలయమునకు ఒక ఉత్తరము పంపుడు. మరల మూడు నెలలకు అవే పది లింకులు చూడుడు.