గోళ్ళ అలంకరణ వృత్తిలో వార్ధక్యం

అమెరికాలో గోళ్ళ అలంకరణ వృత్తిలో వియత్నాం మహిళలు అధికం. 1975లో కాలిఫోర్నియాలోని హోప్ విలేజ్ శరణార్థి శిబిరంలో 20 మంది వియత్నాం మహిళలకు నటి టిప్పి హెడ్రెన్ ఈ పని నేర్పించే ఏర్పాటు చేసింది. ఇంగ్లీషు అంతగా రాకపోయినా జీవనోపాధి దొరకడంతో మరెందరో ఇందులో చేరారు. ఆ తొలితరం వారు ఇప్పుడు వృద్ధులు.

ఆరోగ్యం

గంటల తరబడి తలవంచి పనిచేయడం వలన మెడ, నడుము, మణికట్టు నొప్పులు వస్తాయి. చత్వారం వచ్చాక సన్నని పని కష్టమవుతుంది. రసాయనాల ఆవిరి, కృత్రిమ గోళ్ళను అరగదీసినపుడు లేచే ధూళి ఉబ్బసానికీ, చర్మవ్యాధులకూ దారితీయవచ్చు. చేతి తొడుగులు, గాలిని బయటికి లాగే పంకాలు ఈ హానిని తగ్గిస్తాయి.

పింఛను

సోషల్ సెక్యూరిటీ పింఛను పొందడానికి సాధారణంగా కనీసం 10 సంవత్సరాలు పన్ను చెల్లిస్తూ పనిచేసి ఉండాలి. లెక్కల్లో చూపని నగదు వేతనం ఇందులోకి రాదు. అటువంటి వేతనంతో ఏళ్ళు గడిపినవారు చేతులు సహకరించకపోయినా పని మానలేరు.