వార్తల్లో పదం: బిడ్ బాండ్

ఒమన్ ప్రభుత్వ టెండర్ల వార్తల్లో తరచూ కనిపించే మాట బిడ్ బాండ్. టెండర్ వేసిన సంస్థ మధ్యలో వెనక్కి తగ్గదని బ్యాంకు ఇచ్చే హామీపత్రం ఇది. మన దగ్గర దీన్ని ధరావతు, ఈఎండీ అంటాం. 2008 నాటి ఒమన్ టెండర్ చట్టం ప్రకారం ఇది బిడ్ విలువలో కనీసం 1 శాతం. లక్ష రియాళ్ల పనికి వెయ్యి రియాళ్లన్నమాట. బిడ్ చెల్లుబాటు గడువులోపు దాన్ని ఉపసంహరించుకుంటే ఆ సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. పని దక్కనివారికి హామీ తిరిగొస్తుంది.

ఒక్క శాతమే కదా, వేసి చూస్తే పోయేదేముంది అనుకోవచ్చు. కానీ మస్కట్‌లోని రూవి బ్యాంకులైనా, మరెక్కడివైనా హామీని ఊరికే ఇవ్వవు; కమీషన్ తీసుకుంటాయి, నగదు మార్జినో తనఖానో అడుగుతాయి. ఒకేసారి నాలుగు టెండర్లు వేస్తే చిన్న సంస్థ హామీ పరిమితి అక్కడే చిక్కుకుంటుంది. అసలు బరువు గెలిచాక మొదలవుతుంది: 5 శాతం పనితీరు హామీ ఇవ్వాలి, బిల్లు వచ్చేదాకా జీతాలు, సామగ్రి సొంతంగా భరించాలి. ఈ హామీల షరతు చిన్నవాళ్లను బయటే ఆపుతుందన్న విమర్శ తోసిపుచ్చదగ్గది కాదు. భారత్‌లో 2 నుంచి 5 శాతం ఉండే ధరావతు నుంచి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మినహాయింపు ఉన్నది అందుకే. అయితే హామీ లేకపోతే ఉత్తుత్తి ధరలు వేసి తప్పుకునేవారిని ఆపడం కష్టం. కాబట్టి బిడ్ వేసే ముందు, పనితీరు హామీ కూడా ఇస్తుందో లేదో బ్యాంకును అడగండి.