కోట మీద నీళ్లున్నాయి, ఊళ్లో లేవు

దీపావళి దాటిందంటే ఆదోని ప్రాంతంలోని కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఊళ్లలో తలుపులకు తాళాలు పడతాయి. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు ఎక్కించుకుని బండ్లు గుంటూరు దారి పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోయే ఈ వలసను ఇక్కడ సుగ్గి అంటారు. ‘సుగ్గికి పోయినారు’ అన్న ఇంట్లో నెలల తరబడి మిగిలేది ముసలివాళ్లే. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లల పేర్లు బడి హాజరు పట్టీలో ఉంటాయి, పిల్లలు మాత్రం చేలల్లో ఉంటారు.

ఈ నేల ఎవరికీ అక్కరలేనిదేం కాదు. ఆదోని కోట విజయనగరానికి ఉత్తరాన కాపలా. విజయనగరం ఓడిన 1565 యుద్ధం తర్వాత బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది. వారి తరఫున ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ జామియా మసీదు కట్టించాడు. మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చిందీ ఆయనేనని ప్రతీతి, అదే నేటి మంత్రాలయం. 1688లో మొగలులు వచ్చారు. తర్వాత ఆదోని, నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్‌కు జాగీరైంది. 1786లో టిప్పు పట్టుకున్నాడు, 1800లో కుంపిణీకి దక్కింది. ఏలికలు మారినా రైతు శిస్తు కడుతూనే ఉన్నాడు. 1876-78 కరువులో అప్పటి బళ్లారి జిల్లాలోని ఈ ఊళ్లు ఆకలితో అల్లాడాయి.

ఆదోని కోట కొండెక్కి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బారాఖిల్లా కొండ సగం ఎత్తులో రాళ్ల నడుమ ఒక చెరువుంది. ఎంతటి ఎండల్లోనూ అది ఎండదని పాత గెజిటీర్లు రాశాయి. ముట్టడిలో సిపాయిల గొంతు తడవాలని దొరలు వాననీటిని అంత భద్రంగా దాచుకున్నారు. కొండ కింది పొలానికి మాత్రం అంతటి భద్రత దక్కలేదు.

1953లో ఆదోని తాలూకా బళ్లారి నుంచి విడిపోయి ఆంధ్రకు వచ్చింది. తుంగభద్ర డ్యాం అవతలి రాష్ట్రంలో ఉండిపోయింది. ఈ ఊళ్లకు నీళ్లు తెచ్చే దాని దిగువ కాలువ కర్ణాటకలోనే దాదాపు 250 కిలోమీటర్లు నడిచి మన హద్దు చేరుతుంది. డ్యాంలో పూడిక, దారిలో గండ్లు, అక్రమ తూములు. ఇవన్నీ దాటి చివరి ఆయకట్టుకు చేరేసరికి నీళ్లు సన్నబడతాయి. పక్కనే నది పారుతున్నా పొలం వానకోసం చూస్తుంది.

ఈ కరువు సీమలోనే మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టి, నేతగాళ్లకు ఊళ్లోనే బతుకుతెరువు చూపించారు. ఊరి మనిషికి ఊళ్లోనే పని దొరకాలన్న ఆ పట్టుదలే ఇప్పుడు ప్రభుత్వానికి కావాలి. కాలువ చివరికి వాటా నీళ్లు చేరాలి. ఊరి చెరువులు నిండాలి. బండ్లు కదలకముందే పిల్లలకు హాస్టళ్లు తెరవాలి. ఉపాధి కూలి చేసిన వారానికే చేతికందాలి. ఇవి దయతో ఇచ్చే దానాలు కావు, తరతరాలుగా శిస్తు కట్టిన జనానికి తీర్చాల్సిన బాకీ.