పన్ను లేని మందిరము - ప్రవేశ హక్కు

నాగపూరు రహదారిపై మేడ్చల్, కరీంనగరు రహదారిపై శామీర్‌పేట ప్రాంతములలో భూముల ధరలు పెరిగిన కొలది గుడి, మసీదు, చర్చి స్థలములకును విలువ వచ్చినది. ఇంతటి స్థలమునకు ఇంటి పన్ను లేకుండుట న్యాయమేనా యని గ్రామస్థులు మమ్ము అడుగుచుందురు.

ప్రజలు ఆరాధన చేసికొను భవనమునకు మాత్రమే ఈ మినహాయింపు. మతమేదైనను నియమమొక్కటే. అదే ఆవరణలో దుకాణములు కట్టి అద్దెకిచ్చినచో వాటికి పన్ను కట్టవలసినదే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము కూడ, ప్రజలకు ఉపకరింపక కొందరికే పరిమితమైన మత ట్రస్టుల ఆదాయమునకు మినహాయింపు నిరాకరించినది. పూజారియో, పాస్టరో, ముతవల్లియో అనుభవించుటకై ఈ రాయితీ ఏర్పడలేదు.

మరి ఆ ప్రజలలో ఒకరిని గుమ్మము వద్ద ఆపినచో? 1955 నాటి అంటరానితనపు నేరముల చట్టము 1976లో సవరింపబడి పౌరహక్కుల పరిరక్షణ చట్టమైనది. అంటరానితనము కారణముగా స్వమతస్థుని ఆరాధనా స్థలమునకు రానీయకుండుట, రానిచ్చియు తోటివారివలె ఆరాధింపనీయకుండుట దీని క్రింద నేరములు. శ్మశానములో చోటు నిరాకరించుటయు నేరమే. శిక్ష 1 నెల మొదలు 6 నెలల వరకు చెర, దానితోపాటు 100 మొదలు 500 రూపాయల జుర్మానా. జుర్మానా నేడు స్వల్పముగా తోచును గాని చెర స్వల్పము కాదు. మందిరమునకు ప్రభుత్వము భూమినో ధనమునో ఇచ్చియుండి, దాని నిర్వాహకుడు ఇట్టి నేరమునకు శిక్షింపబడినచో, ఆ సహాయమును నిలుపుటకు లేదా తిరిగి తీసికొనుటకు 9వ సెక్షను ప్రభుత్వమునకు అధికారమిచ్చుచున్నది.

చర్చి విషయమున ఒక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులములలో చేరుదురు. ఆ కులముల నుండి క్రైస్తవులైన వారు మన రాష్ట్రమున వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో ఉన్నారు. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము షెడ్యూల్డు కులములకు, తెగలకు చెందిన బాధితులకే వర్తించును. క్రైస్తవ పాస్టరు ఒకరికి ఆ రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది. ఇది విని, తమకు ఏ చట్టమును లేదని కొందరు ఊరకుందురు. అది పొరపాటు. 1955 నాటి చట్టము ఏ వ్యక్తిని అడ్డగించినను నేరమే యన్నది. ఆ వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడై తీరవలెనని కోరలేదు.

సాక్ష్యము విషయమున మాత్రము భేదమున్నది. బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైనచో, ఆ పని అంటరానితనము వలననే జరిగినదని న్యాయస్థానము ముందుగా భావించును. కాదని నిరూపించుట ఎదుటివారి భారము. క్రైస్తవుడైనచో ఆ కారణమును సాక్షులతో చూపవలసియుండును. కావున మేడ్చల్ ఠాణాలో గాని, శామీర్‌పేట ఠాణాలో గాని ఫిర్యాదు వ్రాయించునపుడు, ఆపినవారెవరో, కులమును గూర్చి ఏ మాట అనిరో, అచట ఎవరెవరు వినిరో స్పష్టముగా చెప్పవలెను. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరము. నమోదైన ఫిర్యాదు ప్రతిని ఉచితముగా ఇచ్చెదరు, అడిగి తీసికొనవలెను.