వెబ్ సర్వర్ అనుబంధ మాడ్యూళ్లు – తెలుగు పాఠ్య ప్రసారం: అపాచీ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం: అంతర్జాలంలో తెలుగు పాఠ్యం పాఠకునికి సక్రమంగా చేరడం ఫాంటు మీదనే గాక, ఆ పాఠ్యాన్ని పంపే వెబ్ సర్వర్ అమరిక మీద కూడా ఆధారపడి ఉంటుంది. అపాచీ సర్వర్‌లోని మాడ్యూళ్ల నిర్మాణాన్ని వివరించి, వాటిలో తెలుగుకు ప్రత్యక్షంగా ఉపకరించేవాటిని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వెబ్ సర్వర్, అపాచీ, మాడ్యూల్, యూనికోడ్, రామగుండం, గని కార్మిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు గని కార్మికుల పాటలు, కథలు, కరపత్రాలలో స్థానిక ముద్రణలకే పరిమితమైనవి అనేకం. 'బాయి', 'మస్టరు', 'సర్దారు' వంటి బొగ్గుగని పలుకుబడులకు ఇవి ఆధారాలు. వీటిని టైపు చేసి అంతర్జాలంలో ఉంచదలచినవారు మొదట ఫాంటును గురించి ఆలోచిస్తారు. సర్వర్‌ను గురించి ఆలోచించడం అరుదు. అయితే దస్త్రంలో సరిగ్గా ఉన్న తెలుగు సైతం సర్వర్ చేసే ఒక్క తప్పు ప్రకటనతో చదవరానిదవుతుంది. కనుక సర్వర్ లోపలి ఏర్పాటు సాహిత్య పరిశోధకునికి సంబంధం లేని విషయం కాదు.

2. మాడ్యూల్ – నిర్వచనం, నేపథ్యం

పాఠకుని బ్రౌజర్ ఒక పుటను కోరినప్పుడు దానిని వెదకి పంపే సాఫ్ట్‌వేరే వెబ్ సర్వర్. అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయంలో ఎన్‌సీఎస్ఏ సంస్థ రూపొందించిన సర్వర్‌కు చేర్చిన సవరణల నుండి 1995లో అపాచీ పుట్టింది. కొత్త సదుపాయం కావలసిన ప్రతిసారీ మూలప్రోగ్రామును కదిలించవలసి రావడం అప్పటి ఇబ్బంది. అదే ఏడాది రాబర్ట్ థావ్ దాని నిర్మాణాన్ని మార్చారు. కేంద్రభాగం చిన్నదిగా ఉండి, తక్కిన సదుపాయాలు విడివిడి భాగాలుగా దానికి అతుక్కునే పద్ధతి ఏర్పడింది. ఆ భాగాలే మాడ్యూళ్లు. నేడు 'మాడ్ ఎస్ఓ' అనే మాడ్యూల్ సహాయంతో, అమరిక దస్త్రంలో ఒక్క పంక్తి చేర్చి, సర్వర్‌ను తిరిగి ప్రారంభిస్తే కావలసిన మాడ్యూల్ వచ్చి చేరుతుంది.

3. అభ్యర్థన నడిచే దారి

గనిలోకి దిగే కార్మికుడు మస్టరు వద్ద హాజరు వేయించుకొని, ల్యాంప్‌రూంలో క్యాప్ ల్యాంప్ తీసుకొని, తనకు కేటాయించిన పనిస్థలానికి వెళ్తాడు. ప్రతిచోటా అక్కడివారు తమ పనిని మాత్రమే చూస్తారు. అభ్యర్థన కూడా ఇట్లే దశలవారీగా నడుస్తుంది. మొదట చిరునామాకు తగిన దస్త్రం నిర్ణయమవుతుంది. పిదప ప్రవేశార్హత, దస్త్ర రకం, భాష పరిశీలనకు వస్తాయి. తరువాత పాఠ్యం సిద్ధమవుతుంది. చివర లావాదేవీ నమోదవుతుంది. ప్రతి దశలోనూ సంబంధిత మాడ్యూల్ 'పని పూర్తయింది' అనో, 'ఇది నా పని కాదు' అనో, 'దోషం' అనో బదులిస్తుంది. 2002లో స్థిరపడిన అపాచీ 2.0తో ఫిల్టర్లు కూడా వచ్చాయి. సిద్ధమైన పాఠ్యాన్ని బయటికి వెళ్లేలోగా మార్చగలగడం వీటి ప్రత్యేకత.

4. తెలుగుకు ఉపకరించే మాడ్యూళ్లు

4.1 సంకేత ప్రకటన: యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు అవసరం. మొదటి బైటు విలువ ఎప్పుడూ 224, రెండవది 176 లేదా 177. పాఠ్యం ఐఎస్ఓ-8859-1లో ఉందని సర్వర్ ప్రకటిస్తే, బ్రౌజర్ 224ను ఫ్రెంచివారి స్వరచిహ్నపు 'ఎ'గా, 176ను డిగ్రీ గుర్తుగా, 177ను కూడిక-తీసివేత గుర్తుగా చూపుతుంది. పుట లోపల యూటీఎఫ్-8 అని రాసుకున్నా సర్వర్ ప్రకటనకే ప్రాధాన్యం. 'మాడ్ మైమ్' ద్వారా దస్త్ర రకాన్ని బట్టి సరైన సంకేతాన్ని ప్రకటించవచ్చు.

4.2 భాష ఎంపిక: ఒకే వ్యాసం తెలుగు, ఆంగ్ల ప్రతులు రెండూ ఉన్నప్పుడు, బ్రౌజర్ తెలిపిన భాషాప్రాధాన్యం ప్రకారం తగిన ప్రతిని 'మాడ్ నెగోషియేషన్' ఎంచుకుంటుంది. ఏ ప్రతీ సరిపోకపోతే ఏమి పంపాలో నిర్వాహకుడు ముందే నిర్దేశించాలి. లేనిచో పాఠకునికి 406 సంఖ్య గల దోషసందేశం ఎదురుకావచ్చు.

4.3 తెలుగు చిరునామాలు: 'రామగుండం' అనే పదంలో 8 సంకేతాలు, అనగా 24 బైట్లు ఉన్నాయి. చిరునామాలో ప్రతి బైటు శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులుగా మారుతుంది కాబట్టి ఆ ఒక్క ఊరిపేరు 72 గుర్తులవుతుంది. తెలుగు వికీపీడియా చిరునామాలను ప్రతి చేసినప్పుడు కనిపించే పొడవైన వరుసకు కారణమిదే. 'మాడ్ రీరైట్' తన నియమాలను విప్పిన రూపంతోనే పోలుస్తుంది కనుక నియమాలలో తెలుగు అక్షరాలనే రాయవచ్చు. ఆ అమరిక దస్త్రం యూటీఎఫ్-8లో ఉండాలి. కంటికి ఒకేలా కనిపించే రెండు పదాలలో ఒకదానిలో కనబడని విభాజక సంకేతం ఉన్నా సర్వర్‌కు అవి వేర్వేరు చిరునామాలే.

4.4 సంపీడనం: 3 బైట్ల ఖర్చు వల్ల తెలుగు పుట ఆంగ్లపుట కంటె బరువెక్కుతుంది. అయితే మొదటి రెండు బైట్లు పదేపదే పునరావృతం కావడం వల్ల తెలుగు పాఠ్యం బాగా కుదించుకుపోతుంది. ఆ పనిని 'మాడ్ డిఫ్లేట్' నిర్వహిస్తుంది. మొబైల్‌లో చదివే పాఠకునికి ఇది నేరుగా డేటా పొదుపు.

5. మాడ్యూళ్ల పరిమితి

యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం వేరొక సమస్య. అందులో ఉన్నవి నిజానికి తెలుగు సంకేతాలు కావు. తెలుగు ఆకారాలను తగిలించుకున్న ఇతర సంకేతాలు. 'మాడ్ ఎక్స్‌ట్ ఫిల్టర్' ద్వారా వెలుపలి మార్పిడి ప్రోగ్రామును జోడించి, పంపే వేళ దానిని యూనికోడ్‌లోకి మార్చవచ్చు. కాని దస్త్రం మాత్రం పాతరూపంలోనే మిగులుతుంది. సర్వర్ మారిననాడు, మాడ్యూల్ తొలగిననాడు పాఠ్యం మళ్లీ చదవరానిదవుతుంది. భద్రపరచదలచిన రచనను ఒకసారి మార్చి, మూలంతో సరిచూసి, యూనికోడ్ ప్రతిగా నిలుపుకోవడమే శ్రేయస్కరం.

6. ముగింపు

మాడ్యూళ్లు పాఠ్యాన్ని మోసుకుపోయే సాధనాలు. పాఠ్యశుద్ధికి ప్రత్యామ్నాయాలు కావు. సంకేతం, భాష, చిరునామా, సంపీడనం అనే నాలుగింటిని సర్వర్ నిర్వాహకునితో కలిసి నిర్ధారించుకోవడం డిజిటల్ సంకలనకర్త పరిష్కరణ బాధ్యతలో భాగం. అప్పుడే గోదావరిఖని కార్మికుని పాటలోని 'బాయి' అనే మాట వెదికిన పరిశోధకునికి దొరుకుతుంది.