ఇద్దరికీ ఒకే గిన్నె

గలిలయలోని కానా ఊరి పెళ్లి విందులో ద్రాక్షారసం అయిపోయింది (యోహాను 2:1-11). ఆ ఇంటివారి పరువు పోయే వేళ ప్రభువు ఆరు రాతిబానలను నీళ్లతో నింపమన్నాడు. ఆ నీరే మేలైన ద్రాక్షారసమైంది. యేసు తన మొదటి సూచకక్రియను చేసింది పెళ్లింటనే. కనుక పెళ్లినాటి గిన్నెను గురించి ఆలోచించడం విశ్వాసులకు చిన్న సంగతి కాదు.

స్కాట్లాండ్‌లో వధూవరులు ఒకే గిన్నెలో తాగే ఆనవాయితీ ఉంది. దాన్ని 'క్వేఖ్' అంటారు. లోతు తక్కువ, ఇరుపక్కలా రెండు పిడులు. పూర్వం చెక్కతో, తర్వాత వెండితోనూ చేశారు. రెండు చేతులా గిన్నె పట్టినవాడు కత్తి పట్టలేడు గనుక అది నమ్మకానికి గుర్తని చెబుతారు. యూదుల పెళ్లిలోనూ, తూర్పు ఆర్థడాక్స్ సంఘాల పెళ్లిలోనూ వధూవరులు ఒకే పాత్రలో తాగుతారు.

అరకులోయ, పాడేరు కొండల్లోని మన సంఘాలలో ఇలా చేయవచ్చునా? చేయవచ్చుననే మేము తలుస్తాము. అయితే ఆ గిన్నెలో ఏమి పోస్తున్నాము? స్కాట్లాండ్‌లో తరచు విస్కీ పోస్తారు. మన కొండల్లో వేడుక అంటే చాలామందికి జీలుగు కల్లు, సారా గుర్తొస్తాయి. తాగుబోతు తండ్రి ఇంట పెరిగిన పెళ్లికూతురికి ఆ వాసన వేడుకను గుర్తు చేయదు. వెలగని పొయ్యిని, తల్లి తిన్న దెబ్బలను గుర్తు చేస్తుంది. ఇది కొండవారి కష్టం మాత్రమే కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడింది ఈ బాధతోనే. ఆ గిన్నె భర్త ఒక్కడే తాగుతాడు, దాని చేదు ఇల్లంతా మింగుతుంది. దాన్నెలా దీవించగలం?

మనకు వేరే గిన్నె ఉంది. పేద ఇంట కూడా దొరికే చోడి అంబలి ఉంది, అడవి తేనె కలిపిన నీళ్లున్నాయి. వెండి పాత్ర అక్కరలేదు. ఆనపకాయ బుర్ర చాలు, అడ్డాకు డొప్ప చాలు. ముందుగా వరుడు వధువుకు అందించాలి. ఆడది అందరికన్నా చివర తినే ఇళ్లలో అదే ఒక ప్రసంగం (ఎఫెసీ 5:25).

ఒక్క జాగ్రత్త. ఇది ప్రభువు బల్ల కాదు. ఆ పాత్ర సంఘమంతటిది (1 కొరింథీ 10:16-17). ఇద్దరు తాగుతుంటే మిగిలినవారు చూసేది కాదు. అందుచేత బల్ల దగ్గర పలికే మాటలు ఇక్కడ పలకరాదు. ప్రమాణాలయ్యాక, విందుకు కూర్చున్నప్పుడు ఈ గిన్నెను అందిస్తే చక్కగా ఉంటుంది.

లేఖనాల్లో గిన్నె అంటే సంతోషం మాత్రమే కాదు. తన గిన్నెలోది తాగగలరా అని ప్రభువు జెబెదయి కుమారులను అడిగాడు (మత్తయి 20:22). గెత్సెమనేలో ఆ చేదును తానే అంగీకరించాడు. దంపతుల గిన్నె కూడా అంతే. నేడు తేనెనీరు. రేపు జ్వరం, పండని పంట, రోడ్డు లేని ఊరి నుంచి నిండు చూలాలిని ఆసుపత్రికి మోసే డోలీ. ఏది వచ్చినా సగం నీది, సగం నాది అనడమే ఒకే గిన్నెలో తాగడం.

పెళ్లికి సిద్ధపడుతున్న యౌవనస్థులారా, ఒంటరిగా తాగే గిన్నెను కింద పెట్టండి. అప్పుడే ఈ గిన్నెను పట్టడానికి మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.